గుంపును తిడితే చాలదు

నడిరోడ్డు మీద ఒకరిని కొడుతుంటే జనం ఫోన్లు పట్టుకుని చూస్తుంటారు, చివర్లో తెర మీద ఓ నీతివాక్యం పడుతుంది. అన్యాయాన్ని చూసీ చూడనట్టు పోయేవారిపై తీసే లఘుచిత్రాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. జనానికి మనసు లేదని తేల్చేయడం తేలికే గానీ, ఆధారాలు అలా చెప్పడం లేదు. 1968లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు డార్లీ, లతానే ప్రచురించిన ప్రయోగంలో మరో గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. తానొక్కరే విన్నాననుకున్నవారిలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే సాయానికి కదిలారు. ఇంకో నలుగురూ వింటున్నారనుకున్నప్పుడు ఆలోగా కదిలింది 31 శాతమే. కదలనివారికీ చేతులు వణికాయి, అరచేతులు చెమర్చాయి. అది రాతిగుండె కాదు, ఎటూ తేల్చుకోలేకపోవడం. 2019లో బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికాల్లోని 219 వీధి గొడవల సీసీటీవీ దృశ్యాలను పరిశీలిస్తే, పదింట తొమ్మిదింటిలో ఒక్కరైనా అడ్డుపడ్డారు.

కాబట్టి కెమెరా నిలవాల్సింది జనం ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఆ క్షణాల మీద, మొదటి అడుగు వేసిన మనిషి మీద. ఇది తప్పుకున్నవారిని వెనకేసుకురావడమే కదా అనవచ్చు. కాదు, కారణం తెలిశాక ‘ఇంకెవరో చూసుకుంటారులే’ అన్న సాకు ఇక చెల్లదు. కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం మాత్రం నిజమైనదే. అందుకే 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకునేవారికి రక్షణ కల్పించింది. లఘుచిత్రం తీసే యువతీ యువకులారా, ఆ సంగతి మీ కథలో ఒక పాత్ర చేతనైనా చెప్పించండి.