రాయి చెప్పిన లోయ వయసు

నది తవ్వుకుంటూ పోయిన లోయ వయసు ఎలా తెలుస్తుంది? తవ్విన మట్టి ఏనాడో కొట్టుకుపోయింది. చూసినవాళ్లూ లేరు. మిగిలింది రాయి ఒక్కటే. అయితేనేం... తానెప్పుడు చల్లబడిందో అది లెక్క దాచిపెట్టుకుంది. ఆ లెక్క దగ్గరే శాస్త్రజ్ఞుల మధ్య పెద్ద వాదన జరిగింది!

అమెరికాలోని అరిజోనాలో కొలరాడో నది వెంట 446 కిలోమీటర్లు సాగే లోయ గ్రాండ్ కేన్యన్. దాని వయసు అరవై లక్షల ఏళ్లకు మించదనేది ఎక్కువమంది నమ్మకం. లోయ పడమటి ముఖద్వారం దగ్గరున్న పాత మేటల్లో అంతకుముందు ఆ నది పారిన ఆనవాళ్లు లేకపోవడమే అందుకు కారణం. 2012లో రెబెకా ఫ్లవర్స్, కెన్నెత్ ఫార్లే ‘సైన్స్’ పత్రికలో దాన్ని కాదన్నారు. పడమటి భాగం 7 కోట్ల ఏళ్ల కిందటే దాదాపు ఇప్పటి లోతుకు చేరిందన్నారు. అంటే డైనోసార్లు తిరిగే రోజులన్నమాట!

పళ్లలోని ఖనిజానికి చుట్టం

వాళ్లకు ఆధారం ఇసుకరేణువంత అపటైట్ స్ఫటికాలు. మన పళ్లకు గట్టిదనమిచ్చే ఖనిజం కూడా ఈ కుటుంబానిదే. అందులోని యురేనియం, థోరియం క్షీణిస్తూ హీలియం వాయువును పుట్టిస్తాయి. భూమి లోపలికి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. రాయి లోతున ఉన్నంతకాలం ఆ వేడికి హీలియం పుట్టింది పుట్టినట్టే జారిపోతుంది. నది పైరాళ్లను కోసేస్తే కిందిరాయి నేలకు దగ్గరై చల్లబడుతుంది. సుమారు 70 డిగ్రీలకు దిగిందా... మూత పెట్టినట్టే, హీలియం లోపల చిక్కుకుంటుంది. పోగైన వాయువునూ, మిగిలిన యురేనియం, థోరియంలనూ కొలిస్తే మూతపడి ఎన్నేళ్లయిందో తేలుతుంది.

లోపమే వరం

హీలియంతో రాళ్ల వయసు కట్టొచ్చని రూథర్‌ఫర్డ్ 1905 ప్రాంతంలోనే చూపించాడు. కానీ వాయువు కారిపోవడంతో వయసు తక్కువగా వచ్చేది. ఆ కారిపోవడమే తర్వాత థర్మామీటరైంది. ఏ ఖనిజం ఎంత వేడి దగ్గర మూసుకుంటుందో లెక్కగట్టే సూత్రాన్ని 1973లో మార్టిన్ డాడ్సన్ ఇచ్చాడు. జిర్కాన్‌లో హీలియం సుమారు 180 డిగ్రీల దగ్గర, నల్ల అభ్రకంలో ఆర్గాన్ 300 డిగ్రీల దగ్గర నిలుస్తాయి. అన్నీ వరసగా పేరిస్తే జ్వరం చార్టులా రాయి చరిత్ర కనిపిస్తుంది.

2014లో కార్ల్ కార్ల్‌స్ట్రామ్ బృందం మరో మాట చెప్పింది. లోయలో ఒక ముక్క 5 నుంచి 7 కోట్ల ఏళ్లది, ఇంకొకటి 1.5 నుంచి 2.5 కోట్ల ఏళ్లది. రెండు చివర్లు మాత్రం కొత్తవి. 50, 60 లక్షల ఏళ్ల కిందట కొలరాడో నది వీటన్నిటినీ కలిపి ఒకే లోయగా చేసిందని వారి వాదన. పడమటి చివర విషయంలో మాత్రం ఇరువర్గాలకూ పొత్తు కుదరలేదు.

ఈ లెక్కలు లోయలకే పరిమితం కాదు. భూమిలో చమురు తయారయ్యేది సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలోనే. అందుకే చమురు కోసం వెతికేవాళ్లకూ అపటైట్ రేణువు చెప్పే కబురు కావాలి!