డ్రమ్ బ్రేకు విప్పి బిగించాలంటే

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలంనాటి కార్లకు నాలుగు చక్రాల్లోనూ డ్రమ్ బ్రేకులే ఉండేవి. చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప డ్రమ్ము, లోపల రాపిడికి లైనర్లు బిగించిన రెండు వంపు షూలు, ఆయిల్ ఒత్తిడితో వాటిని డ్రమ్ముకు అదిమే వీల్ సిలిండర్, మళ్లీ వెనక్కి లాగే స్ప్రింగులు. సరంజామా ఇంతే. పానా పట్టడం తెలిసినవారు ఇంటి దగ్గరే బాగుచేసుకోవచ్చు.

డ్రమ్ము తిరిగే దిశలోకి తెరుచుకునే షూను డ్రమ్మే ఇంకా గట్టిగా తనవైపు లాక్కుంటుంది. దాన్ని లీడింగ్ షూ అంటారు. పవర్ బ్రేకులు లేని రోజుల్లో అంత బరువు కారు కాలి ఒత్తిడికే ఆగిందంటే ఆ గుణం వల్లే. చిక్కు కూడా అక్కడే ఉంది: బలంతోపాటు లోపమూ పెరుగుతుంది. ఒక లైనరుకు కాస్త గ్రీజు అంటితే చాలు, బ్రేకు వేయగానే కారు ఒక పక్కకు లాగేస్తుంది. అందుకే లైనర్లు ఒక్క చక్రానికి మార్చి ఊరుకోకూడదు, ఒకే ఇరుసు మీది రెండింటికీ మార్చాలి.

కారును చదునైన నేల మీద నిలిపి, మిగతా చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టాలి. జాకీ ఎత్తడానికే, కారు నిలవాల్సింది స్టాండ్ల మీద. డ్రమ్ము ఊడిరాకపోతే సుత్తి అందుకునే ముందు, షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టర్ వదులు చేసి చూడాలి. లోపలి దుమ్మును ఊదకూడదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు అది ప్రమాదం. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి.

రెండు చక్రాలూ ఒకేసారి విప్పకపోవడం మంచిది. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలోదో సందేహం వస్తే విప్పని రెండోది చూసుకోవచ్చు. స్ప్రింగు చేయి జారితే ఎక్కడికి ఎగురుతుందో చెప్పలేం, కళ్లద్దాలు తప్పనిసరి.

డ్రమ్ములో గాళ్లు పడితే లేత్ మీద టర్నింగ్ చేయిస్తారు. చాలా డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం చెక్కి ఉంటుంది. అది దాటితే డ్రమ్ము పలచబడి వేడికి పగులుతుంది, మార్చడమే దారి. రివెట్లతో లైనర్ బిగించేటప్పుడు మధ్య రివెట్లు ముందు, చివరివి తర్వాత. అలా అయితేనే లైనర్ సందు లేకుండా షూకు అతుక్కుంటుంది. రివెట్ తల లైనరు పైభాగం కన్నా లోతుకు దిగి ఉండాలి, లేకుంటే డ్రమ్మును గీసేస్తుంది.

వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తితే లోపల తడి కనిపించిందంటే ఆయిల్ కారుతున్నట్టే. లోపలి గోడకు మరకలే ఉంటే సన్న ఉప్పుకాగితంతో పోతాయి. గుంటలు పడితే మాత్రం సిలిండర్ మార్చాల్సిందే, ఇక్కడ పొదుపు పనికిరాదు. కొత్త రబ్బరు వాషర్లను బ్రేక్ ఆయిల్‌లో తడిపి, నోరు ఆయిల్ వైపు ఉండేలా ఎక్కించాలి. పెట్రోలు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

బిగించాక చక్రం ఆగేదాకా అడ్జస్టర్ తిప్పి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. లీలగా రాపిడి వినిపిస్తే తప్పులేదు. తర్వాత బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడం. పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం రివాజు. మన కార్లలో సాధారణంగా అది వెనక ఎడమది. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ వదులు చేస్తారు. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, లేకపోతే గాలి మళ్లీ లోపలికి పోతుంది. పైన ట్యాంకులో ఆయిల్ తగ్గకుండా పోస్తుండాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు; తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అది మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఎప్పుడో మూత తీసిన డబ్బా ఆయిల్ వాడకూడదనేది ఇందుకే.

పెడల్ గట్టిగా నిలిచి, ఎక్కడా చెమ్మ లేదనుకున్నాక ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూడాలి. కొత్త లైనర్లు డ్రమ్ముకు ఒదిగేదాకా గట్టి బ్రేకులు వేయకూడదు, కొన్ని వందల కిలోమీటర్లయ్యాక అడ్జస్టర్ మరోసారి సరిచూసుకోవాలి.