చిన్న కమతానికి తగిన మినీ ట్రాక్టరు: హెచ్.పి. కంటే ముందు చూడవలసినవి

2015–16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, తెలంగాణలో 1.00 హెక్టారు. అంటే ఇంచుమించు రెండున్నర ఎకరాలు. ఇంత చిన్న మడిలో 45–50 హెచ్.పి. ట్రాక్టరుకు దున్నకం కంటే మలుపులకే ఎక్కువ శ్రమ. తోటలో కొమ్మలు విరుస్తుంది, బాగా నానిన వరి మడిలో దిగబడుతుంది. మరోవైపు కాడెద్దులు ఊరంతా వెదికినా ఒకటి రెండు జతలకు మించి కనిపించని గ్రామాలు అనేకం. ఈ రెండింటి నడుమ ఏర్పడిన ఖాళీలోకి వచ్చినవే సుమారు 11 నుండి 30 హెచ్.పి. వరకు ఉన్న మినీ ట్రాక్టర్లు.

వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం 2014–15లో మొదలైనప్పటి నుండి వీటికి రాయితీ మార్గం ఏర్పడింది. గరిష్ఠ పరిమితికి లోబడి సాధారణ రైతులకు 40 శాతం, చిన్న, సన్నకారు, మహిళా, ఎస్.సి., ఎస్.టి. రైతులకు 50 శాతం వరకు ఇవ్వవచ్చునని ఆ పథకం మార్గదర్శకాలు చెబుతాయి. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. సహజంగానే కొనాలనే ఆలోచన పెరిగింది. రైతు సోదరులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్.పి. తీసుకోమంటారు?" అని. మా అభిప్రాయంలో అది నాలుగవ ప్రశ్న. ఏడాదిలో ఎన్ని గంటల పని ఉంది, సాళ్ళ మధ్య ఎంత ఎడం ఉంది, నేల ఎటువంటిది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత హెచ్.పి. సంగతి దానంతట అదే తేలుతుంది.

ఏడాదికి ఎన్ని గంటలు?

ట్రాక్టరు షెడ్డులో ఉన్నా ఖర్చు ఆగదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగు చక్రాలకూ శక్తి అందే 24 హెచ్.పి. ట్రాక్టరు ధర రూ. 5 లక్షలు అనుకుందాం. పదేళ్ళ తరువాత పదో వంతు ధర తిరిగి వస్తుందనుకుంటే ఏటా తరుగుదల రూ. 45,000. సగటు పెట్టుబడి రూ. 2.75 లక్షలపై 10 శాతం వడ్డీ రూ. 27,500. బీమా, పన్ను, షెడ్డు కలిపి ధరలో 3 శాతం, అంటే రూ. 15,000. మొత్తం రూ. 87,500. బండి ఒక్క గంట నడవకపోయినా ఇది తప్పదు. నడిచిన ప్రతి గంటకు డీజిలు, ఆయిలు, మరమ్మతులు, డ్రైవరు కూలి కలిపి రూ. 400 అనుకుందాం.

లెక్కల పుస్తకాలలో ట్రాక్టరు ఏడాదికి 1000 గంటలు పని చేస్తుందని రాసుకుంటాము. ఆ లెక్కన గంటకు పడేది రూ. 490 లోపే. కానీ అయిదెకరాల బత్తాయి తోట ఉన్న రైతుకు నిజంగా ఎన్ని గంటల పని ఉంటుంది? ఏడాదికి నాలుగుసార్లు సాళ్ళ మధ్య దున్నకానికి 30 గంటలు, ఎనిమిది పిచికారీలకు మరో 30, మూడుసార్లు గడ్డి కోయడానికి 22, ఎరువు తోలడానికి, కాయ మోయడానికి 40. ఎంత ఉదారంగా వేసినా సుమారు 120 గంటలే. అప్పుడు గంటకు పడేది రూ. 1,130 వరకు ఉంటుంది. పనిముట్ల ఖర్చు ఇందులో ఇంకా కలపలేదు.

దీనిని కిరాయితో పోల్చి చూడాలి. 45 హెచ్.పి. ట్రాక్టరు రోటవేటరుతో గంటకు సుమారు ఎకరం చేస్తుంది. ఒక మీటరు వెడల్పు రోటవేటరు, గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగం, మలుపులు పోగా 80 శాతం సామర్థ్యం అనుకుంటే మినీ ట్రాక్టరు చేసేది గంటకు 0.2 హెక్టారు, అంటే అరెకరం. ఎకరానికి రెండు గంటలు. ఊరిలో ఎకరం కిరాయి రూ. 1,400 ఉన్నచోట, సొంత ట్రాక్టరు ఆ ధరకు సరితూగాలంటే ఏటా సుమారు 290 గంటలు నడవాలి. రాయితీ వచ్చి ధర రూ. 3.5 లక్షలకు దిగితే 205 గంటలు చాలు. ఇవి ఉదాహరణ అంకెలు మాత్రమే. మీ ఊరి కిరాయి, మీకు బ్యాంకు చెప్పిన వడ్డీ పెట్టి ఇదే లెక్క ఒక కాగితం మీద వేసుకోండి. పది నిమిషాల పని. అయిదేళ్ళ కిస్తీల భారం దానిపై ఆధారపడి ఉంటుంది.

ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉంది. పెద్ద ట్రాక్టరు అసలు లోపలికి రాలేని తోటలో దాని కిరాయితో పోలిక అర్థం లేనిది. మామిడిలో పూమొగ్గ దశలో తేనెమంచు పురుగు మందు అదను తప్పి నాలుగైదు రోజులు ఆలస్యమైతే పూత మీదనే దెబ్బ పడుతుంది. ఊరంతా ఒకే వారంలో పిచికారీకి కూలీల కోసం వెదికే రోజుల్లో సొంత యంత్రం ఉన్న రైతు ముందుంటాడు. ఆ అదను విలువ ఎంతో ఆ రైతే నిర్ణయించుకోవాలి. అయినప్పటికీ 200 గంటల లోపు పని ఉన్నవారు ఇద్దరు ముగ్గురు బంధువులో, పక్క పొలం వారో కలిసి ఉమ్మడిగా కొనడం మేలని మేము భావిస్తున్నాము. పొత్తులో తగాదాలు వస్తాయన్నది నిజమే. ఎవరి వంతు ఎప్పుడు, డీజిలు ఎవరిది, చెడితే ఎవరు బాగు చేయించాలి అన్నది ముందే రాసుకుంటే చాలావరకు తగ్గుతాయి.

సాళ్ళ ఎడం

పంట సాళ్ళలో ట్రాక్టరు రెండు విధాలుగా నడుస్తుంది: సాలును చక్రాల నడుమ ఉంచుకుని పైనుండి పోవడం, లేదా రెండు సాళ్ళ మధ్య దూరి పోవడం. 90 సెం.మీ. సాళ్ళ పత్తిలో మొదటి పద్ధతే సాధ్యం. వెనుక చక్రాల మధ్య నుండి మధ్యకు దూరం 90 సెం.మీ.కు అమర్చగలిగితే ఒక సాలు పైనుండి పోవచ్చు. 20 సెం.మీ. వెడల్పు టైరుకు ఇరువైపులా 35 సెం.మీ. చొప్పున మిగులుతుంది. అయితే బండి అడుగు భాగం నేలకు 25–30 సెం.మీ. ఎత్తులోనే ఉంటుంది కనుక పైరు మోకాలెత్తు దాటాక ఆ సాళ్ళలో దీనికి పని లేదు. ఆపై గుంటకో, పవర్ వీడరో తప్పదు. పత్తిలో చివరి వరకు అంతరకృషి చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొక్కజొన్నలో 60 సెం.మీ. సాళ్ళకు చక్రాల ఎడం 120 సెం.మీ. పెట్టి రెండు సాళ్ళ పైనుండి పోవాలి. అందుచేత రెండు పంటలూ వేసేవారు చక్రాల ఎడం మార్చుకునే వీలు ఉందా, ఎంత నుండి ఎంత వరకు అని టేపు పెట్టి కొలిచి చూడాలి. 150–180 సెం.మీ. సాళ్ళ కంది, జంట సాళ్ళ మల్బరీ వంటి వాటిలో సాళ్ళ మధ్యనే దూరి పోవచ్చు.

తోటలలో ఈ బండికి నిజమైన ఉపయోగం ఉంది. 6 × 6 మీటర్ల బత్తాయిలో చెట్టు గొడుగు నాలుగు, నాలుగున్నర మీటర్లకు విస్తరించాక మిగిలే దారి ఒకటిన్నర నుండి రెండు మీటర్లు. 1.8 మీటర్ల వెడల్పున్న పెద్ద ట్రాక్టరు అక్కడ కాయను రాల్చుకుంటూ పోతుంది. మీటరు, మీటరుంబావు వెడల్పున్నది సుఖంగా పోతుంది. వెడల్పుతో పాటు ఎత్తూ చూడాలి. పొగగొట్టం నిటారుగా పైకి ఉన్న మోడలు కొమ్మలకు తగులుతుంది, లేత కాయను మాడుస్తుంది. పొగగొట్టం కిందికి వంచినది, బోల్తా రక్షణ చట్రం మడిచే వీలున్నది తోటలకు మేలు. చట్రాన్ని కొమ్మల కింద మాత్రమే మడవాలి, గట్టు ఎక్కేటప్పుడు, రోడ్డు మీద నిలిపి ఉంచాలి.

నేల, బరువు, ఆ తరువాత హెచ్.పి.

లాగుడు పనిలో అడ్డు వచ్చేది చాలాసార్లు బరువే, ఇంజను శక్తి మిగిలే ఉంటుంది. 30 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. లోతుతో ఒక రెక్క నాగలి కోసే నేల 450 చదరపు సెం.మీ. నల్లరేగడిలో చదరపు సెం.మీ.కు సుమారు అర కిలో లాగుడు అనుకుంటే 225 కిలోల లాగుడు కావాలి. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో ఇంత లాగడానికి కావలసిన శక్తి రెండున్నర హెచ్.పి. మాత్రమే. అయినా 800 కిలోల రెండు చక్రాల చోదకం గల బండి అక్కడ జారుతుంది. దాని బరువులో సుమారు 60 శాతం, అంటే 480 కిలోలు వెనుక చక్రాలపై ఉంటే, పట్టు దొరికేది అందులో 45 శాతం, ఇంచుమించు 215 కిలోలే. నాలుగు చక్రాలూ లాగే బండి అయితే మొత్తం 800 కిలోలూ పట్టుకు పనికివచ్చి 360 కిలోల వరకు లాగుతుంది. అదే నాగలి తెలంగాణ చల్కా నేలలో సగం లాగుడుతోనే సాగిపోతుంది. కనుక చల్కా, దుబ్బ నేలల రైతుకు రెండు చక్రాల చోదకం చాలు. రేగడిలో, వరి దమ్ములో నాలుగు చక్రాల చోదకానికి పెట్టే అదనపు సొమ్ము వృథా కాదు. వరికి తీసుకునేవారు ముందు ఇరుసులోకి బురద నీరు చొరబడకుండా గేర్లు నూనెలో పూర్తిగా మూసి ఉన్నాయో లేదో అడగాలి.

రోటవేటరు సంగతి వేరు. దానికి లాగుడు అక్కరలేదు, తిరిగే శక్తి కావాలి. ఇంజను శక్తిలో 80–88 శాతం పి.టి.ఓ. వద్దకు చేరుతుంది. 24 హెచ్.పి. బండి పి.టి.ఓ. వద్ద ఇచ్చే సుమారు 20 హెచ్.పి. మీటరు రోటవేటరుకు సరిపోతుంది. 15 హెచ్.పి. బండికి 80 సెం.మీ. దాటినది తగిలించవద్దు. ఇక్కడ ఒక సస్య శాస్త్రజ్ఞునిగా హెచ్చరిక చేయవలసి ఉంది. మినీ ట్రాక్టరు రోటవేటరును సులువుగా తిప్పుతుంది కనుక ఏటా అదే పని, అదే 10–12 సెం.మీ. లోతు. కొన్నేళ్ళకు ఆ లోతున గట్టి పొర ఏర్పడి వాననీరు దిగదు, పై మట్టి పిండి అయిపోతుంది. రెండు మూడేళ్ళకొకసారి వేసవిలో పెద్ద ట్రాక్టరును కిరాయికి పిలిచి లోతు దుక్కి చేయించాలి. మినీ ట్రాక్టరు కొన్నవారికీ ఆ కిరాయి తప్పదని ముందే లెక్కలో వేసుకోవాలి.

పనిముట్లు, పరీక్ష నివేదిక, మెకానిక్

పెద్ద ట్రాక్టరు కల్టివేటరు ఇంట్లో ఉంది కదా, దానినే వాడుకుందామనుకుంటే కుదరదు. మూడు బిందువుల కొక్కెం కొలతలు వేరు. మినీ ట్రాక్టర్లలో కూడా కొన్ని కేటగిరీ-1, కొన్ని ఇంకా ఇరుకైన 1-ఎన్ రకం. కేటగిరీ-1లో కింది పిన్నుల మందం 22 మి.మీ. ఊరిలో ఇతరులు వాడుతున్న పనిముట్లు మీ బండికి సరిపోతే ఇచ్చిపుచ్చుకోవచ్చు, లేకపోతే అన్నీ కొనాలి. ట్రాక్టరు ధర ఒక్కటే చూసి అప్పు చేసి, రోటవేటరుకు, స్ప్రేయరుకు సొమ్ము చాలక బండిని ట్రాలీ లాగడానికే వాడుతున్న రైతులను మేము తరచుగా చూస్తున్నాము.

మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్రంలోను, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత కేంద్రంలోను వ్యవసాయ యంత్రాలను పరీక్షించి నివేదికలు ఇస్తారు. డీలరు చూపే రంగుల కాగితంలో ఉండేది ఇంజను హెచ్.పి. పరీక్ష నివేదికలో పి.టి.ఓ. శక్తి, గరిష్ఠ లాగుడు, డీజిలు వినియోగం, లిఫ్టు సామర్థ్యం, మలుపు వ్యాసార్థం, బ్రేకుల పనితీరు ఉంటాయి, పరీక్షలో బయటపడిన లోపాలు కూడా ఉంటాయి. ఆ నివేదికను అడిగి తీసుకోండి, ఇంగ్లీషు రాకపోతే మీ మండల వ్యవసాయాధికారితోనో, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తతోనో చదివించుకోండి. ఆ తరువాత మీ ఊరికి 30 కిలోమీటర్ల లోపు ఆ కంపెనీ మెకానిక్, విడిభాగాలు ఉన్నాయో లేవో చూడండి. నివేదికలో కొంచెం తక్కువ మార్కులు వచ్చినా మెకానిక్ దగ్గరలో ఉన్న బండికే మా ఓటు. సీజనులో మూడు రోజులు ఆగిన బండి ఆ ఏడాది ఆదాను మింగేస్తుంది.

కొనే ముందు మీ పొలంలోనే, మీ నేల పదును మీద, మీరు వాడబోయే పనిముట్టుతోనే నడిపించి చూపమనండి. షోరూము ముందు సిమెంటు నేల మీద ఏ బండీ జారదు. పొలంలో వెనుక చక్రం పది చుట్లు తిరగడానికి ఎంత దూరం పోయిందో పనిముట్టు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి కొలవండి. దించినప్పుడు దూరం 10–15 శాతం తగ్గితే బరువు సరిపోయినట్లు. అంతకు మించి తగ్గితే టైర్లలో నీరు నింపించాలి, లేదా ఇనుప బరువులు వేయించాలి. ఆ బరువులు ధరలో కలిసి ఉన్నాయో, విడిగా కొనాలో అప్పుడే తేల్చుకోండి. పి.టి.ఓ. షాఫ్టు మీద రక్షక తొడుగు లేకుండా బండిని తీసుకోవద్దు. పంచె కొంగు, తలగుడ్డ, చీర చెంగు దానిలో చిక్కుకుంటే విడిపించుకునే సమయం ఉండదు. మడ్ గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకోవడం మన గ్రామాలలో మామూలై పోయింది. ఈ చిన్న బండ్లలో మడ్ గార్డు మరీ ఇరుకు, వెనుకే రోటవేటరు తిరుగుతుంటుంది.