మూడు కొండల నీడలో వన్‌టౌన్

విశాఖ చూశామంటే బీచ్ రోడ్డు, కైలాసగిరి, రుషికొండ చుట్టి వచ్చామనే చాలామంది అర్థం. ఆ నగరం పుట్టిన చోటు మాత్రం దక్షిణాన, పాతనగరంలో ఉంది. జనం నోట దాని పేరు వన్‌టౌన్.

ఇక్కడ హార్బర్ ఛానల్ పక్కనే ఒకే కొండవరసపై వేంకటేశ్వరస్వామి గుడి, దర్గా, మేరీమాత చర్చి ఉన్నాయి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఈ రెంటి మధ్య ఇరుకు దారిలోంచే ఓడలు రేవులోకి వస్తాయి.

పదిహేడో శతాబ్దం చివర్లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1780 అక్టోబరు 3న, హైదర్ అలీపై యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడెక్కమంటే సిపాయిలు ఎదురుతిరిగారు. 1857కు 77 ఏళ్ల ముందు మాట ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ.

అప్పటికి ఓడలు సముద్రంలోనే లంగరేసేవి. సరుకంతా పడవల్లో ఒడ్డుకు చేరేది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ కొత్త రేవులోకి రావడంతో ఆ రోజులు పోయాయి. రేవుతో ఊరు పెరిగింది, పెరుగుతూ ఉత్తరానికి జరిగిపోయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డప్పుడు చాలామంది ఇళ్లకు తాళాలేసి పల్లెలకు వెళ్లిపోయారు.

అయినా వన్‌టౌన్ కళ తగ్గలేదు. కురుపాం మార్కెట్లో నగల బేరాలు సాగుతూనే ఉన్నాయి. సర్ సి.వి. రామన్ చిన్నప్పుడు చదివిన సెయింట్ అలోషియస్ బడి ఇక్కడిదే. ఇక బురుజుపేట కనకమహాలక్ష్మి సంగతి వేరు. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండా వానా ఆమె మీదే. మార్గశిర గురువారాల్లో తెల్లవారకముందే వరుస కడతారు. ఎవరి పసుపు, ఎవరి కుంకుమ వాళ్లే తెచ్చుకుని, కులం గోత్రం ఎవరూ అడక్కుండా, తమ చేతులతోనే అమ్మకు పూజ చేసుకుంటారు. పసుపు నీళ్లు పాదాల కిందుగా పారుతుంటాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే, డిసెంబరు 8న, కొండమీద మేరీమాత పండుగ. రెండుచోట్లా దండం పెట్టుకునే ఇళ్లు ఈ వీధుల్లో ఉన్నాయి. విశాఖకు ఇంతకంటే గొప్ప ఆస్తి నాకు కనిపించదు.

బొబ్బిలి రాజావారి టౌన్‌హాలు లాంటి కట్టడాలను అందరూ తలుచుకుంటారు. వాటి వెనక వీధుల్లోని అరుగులు, చెక్క స్తంభాలు, పెంకు వసారాలు ఉన్న ఇళ్ల గోడు వినేవారు లేరు. వాటిని నిలబెట్టుకోవడం సొంతదారుకు తలకు మించిన పని. మరమ్మతుకు సాయం, పన్నులో రాయితీ ఇస్తే చాలావరకు నిలుస్తాయి. నగరపాలక సంస్థ ముందుగా వాటిని వీధివారీగా నమోదు చేయాలి.