నెలసరి నొప్పికి చైనా మూలికలు మంచివేనా?

ఆదిలాబాదు వైపు ఒక పల్లెలో కుటుంబాలను దర్శించడానికి వెళ్లినప్పుడు ఒక తల్లి చిన్న డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. "చైనా మూలికల మందట అయ్యగారూ, సంతల కొన్నం. నెలనెలా కడుపునొప్పితోని బిడ్డ బడికి పోతలేదు. ఇయ్యమంటరా?" అని అడిగింది. డబ్బా మీద పేరు తప్ప లోపల ఏమున్నదో రాసి లేదు. నేను వైద్యుణ్ణి కాను. అయినా ఆమె ప్రశ్న నన్ను వదలలేదు. తెలుసుకున్న సంగతులు ప్రియ పాఠకులకు తెలియజేస్తున్నాను.

నొప్పి ఎందుకు?

నెలసరిలో గర్భసంచి లోపలి పొర నుండి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు విడుదలవుతాయి. వాటివల్ల గర్భసంచి బిగుసుకొని నొప్పి పుడుతుంది. కనుక ఇది శాపమూ కాదు, బడి ఎగ్గొట్టడానికి సాకూ కాదు.

పరీక్షలు ఏమి చెప్పాయి?

చైనాలో డాంగ్ గ్వే మొదలైన వేర్లను కలిపి కాచి తాగడం పాత అలవాటు. వైద్య పరీక్షలను వడపోసి చూసే కోక్రేన్ సంస్థ 2008లో ఇలాంటి 39 పరీక్షలను పరిశీలించింది. వాటిలో 3,475 మంది స్త్రీలు పాల్గొన్నారు. మూలికల వలన నొప్పి తగ్గినట్లు కనబడింది గాని, చాలా పరీక్షలు పకడ్బందీగా జరగలేదు. అందుచేత ఆశ ఉన్నది, గట్టి రుజువు లేదు అని తేల్చారు. సంతలో దొరికే డబ్బాకు ఆ మాత్రం ఆధారమైనా లేదు.

మూలిక అయితే హాని లేదా?

1990ల ఆరంభంలో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు వాడిన అనేకమంది స్త్రీల మూత్రపిండాలు పాడైపోయాయి. ఒక మూలికకు బదులు మరొకటి, విషపూరితమైనది, కలవడమే కారణం. మన ఈశ్వరి తీగ కూడా ఆ విషపు మొక్క జాతిదే. పసరు మందు ఇచ్చేవారిని ఇందులో ఏమి వేశారని తప్పక అడగండి.

మన అశోక బెరడు సంగతీ అంతే. బడుల ముందు నిటారుగా పెరిగే చెట్టు నరమామిడి; అది అసలు అశోకం కాదు. సొంఠి వలన కొంత మేలు ఉండవచ్చని చిన్న పరీక్షలు సూచించాయి.

మరి ఏమి చేయాలి?

వేడినీళ్ల సంచితో పొత్తికడుపుకు కాపడం పెట్టండి. ఐబూప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లనే తగ్గిస్తాయి. వీటికి గట్టి రుజువు ఉన్నది. డాక్టరు చెప్పిన మోతాదులో, తిన్న తరువాత వేసుకోవాలి. కడుపులో పుండు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

మాత్రలకు లొంగకపోయినా, నెలనెలా ఎక్కువవుతున్నా, రక్తస్రావం అధికంగా ఉన్నా, నెలసరి కాని రోజుల్లో నొప్పి వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. గర్భసంచి తీసివేయడమే మందు అని ఎవరైనా అంటే మరో డాక్టరును కూడా అడగండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 7.7 శాతం మందికి గర్భసంచి తీసివేశారు. దేశమంతటి లెక్క 3.2 శాతమే.

ఆ తల్లితో, "డబ్బా పక్కన పెట్టమ్మా, బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపో" అని చెప్పాను. తండ్రులారా, ఈ మాట మీకు కూడా. ఆడవాళ్ల సంగతి అని ఊరుకోవద్దు. బిడ్డ చదువు నెలకు రెండు మూడు రోజులు ఎందుకు ఆగిపోతున్నదో అడిగి తెలుసుకోండి.