నర్తకి ఊపిరి – నెత్తుటిలోని ఇనుము

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, సముద్రమునకు చేరువలో ఉక్కునగరము కలదు. విశాఖ ఉక్కు కర్మాగారములో పనిచేయువారి నివాసము కొరకు ఈ పట్టణము నిర్మింపబడినది. కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి. 1992లో అది జాతికి అంకితము చేయబడెను. అందలి మూడు బ్లాస్ట్ కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టిరి. ఇట్టి కొలిమిలో పైనుండి ఇనుప ఖనిజమును, కోకును, సున్నపురాతిని వేసి, అడుగుభాగము నుండి 1,000 డిగ్రీల సెంటిగ్రేడును మించిన వేడిగాలిని ఊదుదురు. ఆ గాలియే కొలిమికి ఊపిరి. అది నిలిచినచో లోపలి ద్రవలోహము క్రమముగా గడ్డకట్టును.

పగలు తండ్రి కొలిమివద్ద పనిచేయగా, సాయంకాలము కూతురు గజ్జెలు కట్టి కూచిపూడి అడుగులు అభ్యసించు ఇండ్లు ఇట్టి ఊరిలో ఉండుట వింతకాదు. ఆ బాలిక దేహము కూడ ఒక విధమైన కొలిమియే. కొలిమిలో కోకులోని కర్బనము గాలిలోని ఆమ్లజనితో కలియును. బాలిక కండరములలో గ్లూకోజు ఆమ్లజనితో కలిసి, శక్తినిచ్చి, బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మారును. అయితే కొలిమిలో మంటతో జరుగు పనిని దేహము 37 డిగ్రీల వద్దనే, ఎంజైముల సహాయమున, మెట్టుమెట్టుగా జరుపుకొనును. ఇదియే వీటి భేదము.

మన నాట్యశాస్త్రజ్ఞులు దేహమును కేవలము పనిముట్టుగా తలపలేదు. నందికేశ్వరుని అభినయదర్పణము ఆరంభమున గల ప్రార్థనలో లోకమంతయు శివుని ఆంగికమనియు, సమస్త వాక్కు ఆయన వాచికమనియు, చంద్రతారలు ఆయన ఆహార్యమనియు భావింపబడినది. నర్తకి అడుగు వేయుటకు ముందు భూమికి నమస్కరించును. తన పాదఘాతమును ఓర్చుకొనుమని నేలను వేడుకొనుట అందలి భావము. భరతుని నాట్యశాస్త్రము ఊపిరిని కూడ విడువలేదు. ముక్కు చేయు పనులను ఆరు విధములుగా విభజించి, గాలి లోనికి పీల్చిన నాసికకు ‘సోచ్ఛ్వాస’ అనియు, పుటములు ఉబ్బిన నాసికకు ‘వికృష్ట’ అనియు పేర్లు పెట్టినది. కోపము, భయము, దుఃఖము మొదట ఊపిరిలోనే కనబడునని ఆనాటివారు గమనించిరన్నమాట.

కూచిపూడి సంప్రదాయములో ఊపిరికి మరొక పరీక్ష కలదు. కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామమున తరతరములుగా భాగవతులు ఆడిన భామాకలాపము వంటి ప్రదర్శనములలో పాత్రధారి ఆడుటయేగాక, తానే పాడి, సంభాషణలు కూడ పలుకుట ఆచారము. సత్యభామ పాత్రకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) ఆ సంప్రదాయమున పెరిగినవారే. ఆడుచు పాడుట ఎందుకు కష్టమో తెలియవలెనన్న ఊపిరితిత్తుల పనిని తెలిసికొనవలెను.

విశ్రాంతిగా నున్న మనిషి నిమిషమునకు 12 మొదలు 16 మార్లు ఊపిరి పీల్చును. ఒక్కొక్క మారు సుమారు అర లీటరు గాలి లోనికి పోవును. అనగా నిమిషమునకు 6 మొదలు 8 లీటర్లు. లోనికి పోవు గాలిలో నూటికి 21 పాళ్లు ఆమ్లజని యుండగా, బయటికి వచ్చు గాలిలో సుమారు 16 పాళ్లు ఉండును. తక్కిన 5 పాళ్లు రక్తములో చేరినవి. ద్రుతకాలములో ఆడునపుడు కండరములకు ఆమ్లజని అనేక రెట్లు కావలసివచ్చును. కావున శ్వాస లోతు, వేగము రెండును పెరుగును. కఠిన వ్యాయామములో పెద్దవారు నిమిషమునకు 100 లీటర్ల గాలిని కూడ పీల్చి విడువగలరు.

శ్వాసను తొందరపెట్టునది ముఖ్యముగా ఆమ్లజని కొరత కాదు. రక్తములో పెరుగు బొగ్గుపులుసు వాయువు. మెదడు అడుగుభాగమున గల కేంద్రము దానిని కనిపెట్టి, విభాజక పటలమును, ప్రక్కటెముకల కండరములను ప్రేరేపించును. పాటగాని మాటగాని వెలువడునది నిశ్వాసముతోనే. కాబట్టి పాడుచు ఆడు నర్తకి చరణముల నడుమ దొరికిన చిన్న విరామములో గాలి నింపుకొని, ఆ నిశ్వాసమును పొదుపుగా వాడవలెను. నేటి ప్రదర్శనములలో పాట చాలవరకు గాయకులకే వదలబడినది. అయినను తాళమును బట్టి శ్వాసను అమర్చుకొను అలవాటు నర్తకికి నేటికిని ఉపకరించును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. క్లిష్టమైన అడుగు వేయునపుడు కొందరు విద్యార్థులు ఊపిరి బిగబట్టుదురు. దానివలన బలము కలుగునని వారి ఊహ. ఊపిరి బిగబట్టి కండరములను బిగించినపుడు రొమ్ములోపల ఒత్తిడి పెరుగును. గుండెకు తిరిగి రావలసిన రక్తము తగ్గును. కన్నులు చీకట్లు క్రమ్మి, తల తిరుగవచ్చును. అరమండిలో కూర్చున్నట్లు నిలిచియుండునపుడు తొడకండరములు విడువక బిగిసియుండి, తమలోని రక్తనాళములను తామే నొక్కివేయును. కావున ఆ భంగిమలో శ్వాసను ఆపక నెమ్మదిగా నడుపుట మేలు. నిశ్వాసము దీర్ఘమైనకొలది గుండెవేగము కొంత తగ్గునని శరీరశాస్త్రము కూడ చెప్పుచున్నది.

అయితే సరిగా శ్వాసించుచున్నను కొందరు బాలికలు రెండు జతులకే ఆయాసపడుదురు. వారిని సోమరులనియు, శ్రద్ధలేనివారనియు మందలించుట కలదు. కారణము ఊపిరితిత్తులలో గాక రక్తములో ఉండవచ్చును.

ఊపిరితిత్తులు గాలిని తెచ్చినను, ఆమ్లజనిని కండరముల వరకు మోయునది ఎఱ్ఱరక్తకణములలోని హీమోగ్లోబిన్. దాని యొక్కొక్క అణువులో నాలుగు ఇనుప పరమాణువులు కలవు. ఒక్కొక్క ఇనుప పరమాణువు ఒక్కొక్క ఆమ్లజని అణువును పట్టుకొనును. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆమ్లజనిని మోయగలదు. నూరు మిల్లీలీటర్ల రక్తములో 12 గ్రాముల హీమోగ్లోబిన్ ఉన్న బాలిక రక్తము 16 మిల్లీలీటర్ల ఆమ్లజనిని మోయును. అది 9 గ్రాములే యున్నచో 12 మిల్లీలీటర్లు మాత్రమే మోయును. అనగా నాలుగవవంతు నష్టము. ఆ లోటు పూడ్చుటకు గుండె మరింత వేగముగా కొట్టుకొనవలెను. ఆయాసమునకు ఇదియే మూలము. దీనినే రక్తహీనత యందురు.

ఇది అరుదైన వ్యాధి కాదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగముకంటె ఎక్కువ మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. పెద్దవారి దేహములో నుండు ఇనుము మొత్తము 3 లేక 4 గ్రాములు. స్త్రీలలో మరికొంత తక్కువ. అది ఒక చిన్న మేకు బరువు. టన్నులకొలది ఇనుము కరగి పారు ఊరిలో, ఒక బాలిక నెత్తుటిలో ఆ మేకంత ఇనుము కూడ నిండుగా లేకపోవుట విచారింపదగిన విషయము.

దీనికి ఉపాయము లేకపోలేదు. తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలు, పప్పుధాన్యములు, మాంసము, చేపలు ఇనుము నిచ్చును. భోజనముతో నిమ్మ, ఉసిరి, జామ వంటివి తినినచో అందలి సి విటమిను ఇనుమును దేహము గ్రహించుటకు తోడ్పడును. భోజనము వెంటనే టీ త్రాగుట దానికి అడ్డు. పాఠశాలలలో వారమున కొకసారి ఇచ్చు ఇనుము–ఫోలిక్ ఆమ్లపు మాత్రను పారవేయక మ్రింగవలెను. అనుమానమున్నచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. విద్యార్థులు కూర్చుండి ఒక నిమిషములో తమ నాడి ఎన్నిమార్లు కొట్టుకొనునో, ఎన్నిమార్లు ఊపిరి పీల్చుదురో వ్రాసికొనవలెను. తరువాత మూడు నిమిషములు ఒకే తాళములో అడుగులు వేసి, ఆగిన వెంటనే మరల లెక్కింపవలెను. పిమ్మట నిమిషమున కొకసారి లెక్కించుచు, ఎన్ని నిమిషములకు మొదటి స్థితికి వచ్చునో చూడవలెను. ఒకరికి మూడు, మరొకరికి ఏడు నిమిషములు పట్టవచ్చును. అభ్యాసము లేకపోవుట, జ్వరము, ఉక్కపోత, నీరు చాలకపోవుట కూడ ఇందుకు కారణములు కావచ్చును. కాబట్టి ఈ లెక్కతోనే రోగనిర్ణయము చేయరాదు. ఎవరిని వైద్యునికి చూపవలెనో తెలిసికొనుటకు మాత్రము ఇది పనికివచ్చును.

దేహమును దేవాలయమని నమ్మి నర్తించు సంప్రదాయము మనది. దేవాలయమున దీపము వెలుగుటకు వత్తి యొక్కటే చాలదు; నూనెయు కావలెను. నర్తకికి గురువు నేర్పిన లయ వత్తి వంటిది. నెత్తుటిలోని ఇనుము ఆ నూనె వంటిది.