మేళం నడిపేది అతను.. మెప్పు మరొకరికి

ఆర్మూర్: పెళ్లి ఊరేగింపులో అందరి చూపూ క్లారినెట్, ట్రంపెట్ ఊదేవారి మీదే. వెనక పెద్ద డ్రమ్ము మెడకు వేసుకుని నడిచే మనిషిని పలకరించేవారుండరు. అతని దెబ్బ ఒక్కటి తప్పితే మాత్రం మేళమంతా తడబడుతుంది.

పొట్టకు అడ్డంగా డ్రమ్ము ఉంటే కాళ్ల కింద గుంత కనిపించదు. పట్టీ మెడను ఒరుస్తుంది. అర్ధరాత్రి దాటినా బరాత్ ఆగదు, చెయ్యి ఆపరాదు. వెనకట తోలు వానకు నానితే మంట దగ్గర కాచుకునేవారు. ప్లాస్టిక్ వచ్చాక ఆ తిప్పలు తప్పాయి. పంపకాల్లో మాత్రం పాట ఊదేవారిదే పెద్ద వాటా.

ఇదొక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలుండవు. అప్పుడు కూలిపనే దిక్కు. మాఘ, ఫాల్గుణాల్లోనేమో పెళ్లిళ్లూ పసుపు తవ్వకాలూ ఒక్కసారే మీద పడతాయి. పగలు చేలో కొమ్ములు ఏరి, రాత్రి డ్రమ్ము ఎత్తుకోవాలి.

ఇంతలో డీజే పెట్టెలు వచ్చాయి. గుండె అదిరే మోత ఇప్పుడు వాటిదే. కానీ గుర్రం బెదిరితే దరువు తగ్గించడం, ముసలవ్వ హారతి తెస్తే ఒక్క క్షణం ఆగడం పెట్టెకు తెలియదు. మనిషికే తెలుసు.

కొడుకులకు ఈ విద్య నేర్పడానికి తండ్రులే జంకుతున్నారు. ఈడొచ్చిన కుర్రాళ్లు గల్ఫ్ బాట పడుతున్నారు. పసుపు కోసం 2025లో నిజామాబాద్‌లో జాతీయ బోర్డు వెలిసింది. పసుపు పెళ్లిళ్లకు దరువేసే చేతులను అడిగేవారు లేరు. పెళ్లివారైనా పంపకాల వేళ ఈ వెనక వరుసను గుర్తుంచుకుంటే మేలు.